టాన్సిళ్ళు: ఆపరేషన్ ఎప్పుడు? ఎలా?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- టాన్సిళ్ళు చేసే పనిని చెప్పగలుగుతారు.
- వాటిని ఎప్పుడు తీయాలో నిర్ణయించే లెక్కను వివరించగలుగుతారు.
- తొలగించే పద్ధతులను పోల్చగలుగుతారు.
- ఆపరేషన్ తరువాత కనిపించే ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

1. టాన్సిళ్ళు అంటే ఏమిటి?

అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరవండి. మధ్యలో వేలాడేది కొండనాలుక. దానికి రెండు వైపులా, కాస్త కింద, రెండు ముద్దలు కనిపిస్తాయి. అవే టాన్సిళ్ళు. చాలామంది వీటిని గవదబిళ్ళలతో పొరబడతారు. గవదబిళ్ళలు చెవి కింద ఉండే లాలాజల గ్రంథులు వాచే వేరే వ్యాధి.

టాన్సిళ్ళు శోషరస కణజాలంతో తయారైనవి. నోటి ద్వారా వచ్చే సూక్ష్మజీవులను పసిగట్టి, శరీర రక్షణ వ్యవస్థను సిద్ధం చేస్తాయి. బాల్యంలో ఇవి పెద్దవిగా ఉండి, యౌవనం వచ్చేసరికి క్రమంగా చిన్నవవుతాయి. కాబట్టి పెద్దవిగా కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు.

2. ఎప్పుడు తీయాలి?

గొంతునొప్పి ఎక్కువగా వైరస్ వల్ల వచ్చి, దానంతట అదే తగ్గిపోతుంది. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వస్తే మాత్రం డాక్టరు రాసిన మందును పూర్తి కాలం వాడాలి. మధ్యలో మానేస్తే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వచ్చి, గుండె కవాటాలు దెబ్బతినవచ్చు.

మరి ఆపరేషన్ ఎవరికి? అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్, ఆయన సహచరులు పిల్లలపై పరిశోధన చేసి 1984లో ఫలితాలు ప్రకటించారు. అందులో వాడిన లెక్కనే నేటికీ వైద్యులు ఆధారంగా తీసుకుంటున్నారు:
- ఒక సంవత్సరంలో 7 సార్లు, లేదా
- వరసగా 2 సంవత్సరాలు, ఏటా 5 సార్లు, లేదా
- వరసగా 3 సంవత్సరాలు, ఏటా 3 సార్లు తీవ్రమైన గొంతువాపు రావాలి.

మామూలు జలుబుతో వచ్చే నొప్పి ఈ లెక్కలోకి రాదు. జ్వరం, మెడలో బిళ్ళ కట్టడం, టాన్సిళ్ళపై తెల్లని పూత వంటి లక్షణాలను డాక్టరు చూసి నమోదు చేసి ఉండాలి. అందుకే వెళ్ళిన ప్రతిసారీ చీటీని దాచుకోండి.

ఇంకొక ముఖ్య కారణం నిద్రలో శ్వాస ఆగడం. పిల్లవాడు గట్టిగా గురకపెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తుంటే ఎన్నిసార్లు గొంతునొప్పి వచ్చిందన్న లెక్కతో పనిలేదు. వెంటనే వైద్యునికి చూపించాలి.

3. తొలగించే పద్ధతులు

అన్ని పద్ధతుల్లోనూ పూర్తి మత్తు ఇచ్చి, నోటి ద్వారానే తీస్తారు. బయట కోత ఉండదు.

(అ) చల్లని పద్ధతి: కత్తెర వంటి పరికరాలతో టాన్సిల్‌ను దాని తొడుగుతో సహా కండరం నుంచి విడదీస్తారు.

(ఆ) వేడి పద్ధతి: విద్యుత్తుతో కోస్తూనే రక్తనాళాలను మూసివేస్తారు. ఆపరేషన్ సమయంలో రక్తం తక్కువ పోతుంది. కానీ వేడి తగిలిన చోట పుండు ఏర్పడుతుంది.

(ఇ) కోబ్లేషన్: ఉప్పునీటి ద్వారా రేడియో తరంగాలను పంపి, తక్కువ వేడితో కణజాలాన్ని కరిగిస్తారు.

(ఈ) తొడుగును వదిలే పద్ధతి: లోపలి భాగాన్ని తీసి, కండరాన్ని కప్పే పలుచని పొరను ఉంచుతారు. నొప్పి, రక్తస్రావం తక్కువ. అయితే కొద్దిమందిలో టాన్సిల్ మళ్ళీ పెరగవచ్చు.

2003-04లో ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులలో 30 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించారు. వేడి పద్ధతుల్లోనూ, కోబ్లేషన్‌లోనూ తరువాత రక్తం కారడం ఎక్కువని తేలింది. కొత్త యంత్రం కాబట్టి మేలైనదే అనుకోకండి. "ఈ పద్ధతి మీకు బాగా అలవాటేనా?" అని డాక్టరును అడగండి.

4. ఇంటికి వచ్చాక

గొంతులో తెల్లని పూత కనిపిస్తుంది. అది చీము కాదు, పుండు మానే క్రమంలో ఏర్పడే పొర. చెవినొప్పి కూడా మామూలే. నీళ్ళు తరచుగా తాగించండి. మింగగలిగిన అన్నం పెట్టండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

రక్తస్రావం మొదటి 24 గంటల్లో గాని, 5 నుంచి 10 రోజుల మధ్య గాని రావచ్చు. అందరూ "నయమైపోయింది" అనుకునే రోజులివే. ఎర్రని రక్తం ఉమ్మినా, రక్తం వాంతి చేసుకున్నా, నిద్రలో పదేపదే గుటకలు వేస్తున్నా తెల్లవారే దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పాఠగత ప్రశ్న

ఒక బాలికకు గత సంవత్సరం 4 సార్లు, ఈ సంవత్సరం 3 సార్లు తీవ్రమైన గొంతువాపు వచ్చింది. "మొత్తం 7 అయింది, ఆపరేషన్ చేయిద్దాం" అని తండ్రి అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు సరిచూసుకోండి

7 సార్లు ఒకే సంవత్సరంలో రావాలి. రెండేళ్ళవి కలపకూడదు. ఏటా 5 అనే లెక్క కూడా సరిపోలేదు. వచ్చే సంవత్సరమూ 3 సార్లు వస్తే అప్పుడు మూడవ లెక్క సరిపోతుంది. అంతవరకు చికిత్స చేయిస్తూ, చీటీలు దాచుకుంటూ గమనించాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత మనకు ఉండనే ఉంది కదా!