సూది ఎవరి చేతిలో ఉంటుంది?

ఆసుపత్రిలో రోగి మన నర్సుల కళ్ల ముందు ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత మాత్ర గుర్తుచేసేదీ, కట్టు మార్చేదీ, సూది వేసేదీ ఇంట్లోవాళ్లు. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ రాసింది కూడా ఇళ్లలో రోగుల్ని చూసుకునే ఆడవాళ్ల కోసమే. వాళ్లకు నేర్పడం మన అసలు పనిలో భాగం. వార్డుల్లో తెలుసుకున్నవి కొన్ని, కొత్తగా చేరిన అమ్మాయిల కోసం రాస్తున్నాను.

1. ఎవరికి నేర్పాలో ముందు తెలుసుకోండి. మంచం పక్కనున్న కొడుకు అన్నిటికీ తల ఊపుతాడు. డిశ్చార్జి కాగానే హైదరాబాద్ బస్సెక్కుతాడు. సూది వేసేది కోడలు. అందుకే చేరిన రోజే అడగండి: “ఇంటి దగ్గర వంట ఎవరిదమ్మా? మందులు ఎవరు చూస్తారు?” ఆ మనిషి క్యారియర్ తెచ్చే వేళకే పాఠం పెట్టుకోండి. డిశ్చార్జి రోజు దాకా ఆగితే వాళ్ల ధ్యాసంతా కాగితాల మీదా, ఆటో మీదా ఉంటుంది.

2. “అర్థమైందా?” అని అడగొద్దు. “ఆఁ, అర్థమైంది సిస్టరమ్మా” అనే అంటారు. మనకు విసుగొస్తుందేమోనని వాళ్ల భయం. “ఇంటికెళ్లాక మీ ఆయనకు ఎలా చెప్తావో ఒకసారి చెప్పు” అనండి. ఎక్కడ తడబడిందో అక్కడ మళ్లీ వేరే మాటల్లో చెప్పండి, గొంతు పెంచకుండా.

3. ఇన్సులిన్ మాటలతో రాదు, చేత్తో రావాలి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్లదానికి నారింజ మూతది. ఇవి తారుమారైతే ఏమవుతుందో లెక్క కట్టి చూపించండి. 40 రకం మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. 100 రకాన్ని ఎర్ర మూతదానితో 20 గీత దాకా లాగితే ఏకంగా 50 వెళ్తాయి, ప్రాణం మీదికొస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ ఆమె చేతే చదివించండి. చదువు రాకపోతే మూత రంగు గుర్తుపట్టించండి. ప్రతిపూటా మీ ఎదుట ఆమే లాగాలి, ఆమే వేయాలి.

“ఫ్రిజ్ ఉందా?” అంటే లేదనడానికి చిన్నబోతారు. “మందు ఎక్కడ పెడతారు?” అనండి. ఫ్రిజ్ లేకపోతే, నీళ్లున్న మట్టికుండలో తడి చొరని డబ్బాలో పెట్టుకోమనండి. ఫ్రిజ్ ఉన్నా గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఒంట్లో చక్కెర మరీ పడిపోయి చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి పొరుగింటివాళ్లకూ తెలియాలి.

4. భయపెట్టేవి ముందే చెప్పండి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. చెప్పకపోతే రక్తం పోతోందని మందు మానేస్తారు. ఐరన్ మాత్రలకు మలం నల్లబడుతుంది, అదీ అంతే.

5. అత్తగారిని బయటికి పంపి బాలింతకు పాఠం చెప్పకండి. ఇంట్లో పథ్యం పెట్టేది ఆవిడే. ముర్రుపాలు పిండి పారబోయడం, బిడ్డకు తేనె నాకించడం, బాలింతకు దాహమైనా నీళ్లు తగ్గించడం ఇంకా ఉన్నాయి. “ఇవన్నీ మూఢనమ్మకాలు” అన్నారో, ఆవిడ మన మాట వినడం అక్కడితో ఆపేస్తుంది. మీ పురుళ్లప్పుడు ఎలా చూసుకున్నారని అడగండి, పూర్తిగా వినండి. వేడి అన్నం, విశ్రాంతి, పని చెప్పకపోవడం మంచివేనని ఒప్పుకోండి. తర్వాత మిగతావి చెప్పండి: మొదటి గంటలోనే ముర్రుపాలు, ఏడాది నిండేదాకా తేనె వద్దు, బాలింతకు పప్పు, ఆకుకూర, దాహం తీరా నీళ్లు. అత్తగారి మనసు కుదిరిన రోజున కోడలు చెంబెడు నీళ్లు ధైర్యంగా తాగుతుంది. ఆ ఒక్క మనిషి కోసం ఎంత సేపు కూర్చున్నా తక్కువే.

6. “రోజుకు రెండుసార్లు” అనకండి. “పొద్దున టిఫిన్ అయ్యాక, రాత్రి అన్నం తిన్నాక” అనండి. చదవలేనివాళ్లకు చీటీ మీద సూర్యుణ్ణీ, చంద్రుణ్ణీ గీయండి.

7. టైమెక్కడుంది మేడమ్ అంటారు. వార్డంతా ఒక్కరే చూసే రాత్రుళ్లు నాకూ తెలుసు. అందుకే చేసే పనిలోనే చెప్పాలి. బీపీ చూస్తూ ఊరగాయల్లో ఉప్పు గురించి, కట్టు మారుస్తూ చీము గుర్తుల గురించి చెప్పండి. ఇన్‌ఛార్జి సిస్టర్లకు నా విన్నపం ఒకటే: డ్యూటీ అప్పగించేటప్పుడు ఏం నేర్పామో, ఎవరికి నేర్పామో, ఏం మిగిలిందో పుస్తకంలో ఒక్క వరుస రాయించండి. నైట్‌కు వచ్చిన అమ్మాయి అక్కణ్నుంచి అందుకుంటుంది.