చెలిమియా, ఆర్భాటమా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు మూడును ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట వేరు జిల్లా అయినది. కోదాడ అందు చేరినది; మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. అయినను ఈ ఊళ్ల నడుమ రాకపోకలు గాని వియ్యములు గాని ఆగలేదు. గీత గీసినంతమాత్రమున చుట్టరికము తెగదు. మరి, పట్టికలో పేరు చేర్చినంతమాత్రమున చెలిమి ఏర్పడునా? సామాజిక మాధ్యమములను వాడు బాలబాలికలు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

2004వ సంవత్సరమున ఆర్కుట్, ఫేస్‌బుక్ అను మాధ్యమములు వెలసినవి. ఆర్కుట్ మన దేశమున యువజనులను మిక్కిలి ఆకర్షించినది. బడిలో కలిసి చదివి విడిపోయినవారు అందు మరల కలిసికొనిరి. 2014 సెప్టెంబరు 30న అది మూతపడినది. ఒకరి ఇంటికొకరు వచ్చిపోవుచు, కష్టసుఖములు విచారించుకొనినవారి స్నేహమునకు దానివలన లోటు రాలేదు. పేరునకు మాత్రమే మిత్రులైనవారి స్నేహము ఆ పేళ్లతోనే పోయినది.

ఈ మాధ్యమములు మననుండి రుసుము కోరవు. వానికి ప్రకటనలవలన ఆదాయము వచ్చును. మన చూపు తెరపై ఎంతసేపు నిలిచిన వానికి అంత లాభము. 2009లో ఫేస్‌బుక్ ‘లైక్’ అను గుర్తును ప్రవేశపెట్టినది. వ్రేలితో తాకినంతనే మెచ్చుకోలు అందును; కాని మెచ్చుకోళ్లను లెక్కించుకొనుటయే స్నేహమనుకొనుట భ్రమ. మనుష్యుడు నిలుపుకొనగల సంబంధములు సుమారు 150 మాత్రమేయని రాబిన్ డన్‌బార్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు అంచనా వేసెను.

విచారింపక పంపిన మాట ప్రాణములను కూడ తీయగలదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవను వదంతి వాట్సాప్‌ద్వారా వ్యాపించినది. దానిని నమ్మిన జనులు కొట్టగా తెలంగాణములోను, ఇతర రాష్ట్రములలోను అమాయకులు మరణించిరి. ఆ యేడు జులైలో, ఒకే సందేశమును ఒక్కమారు ఐదు చోట్లకు మించి పంపకుండ వాట్సాప్ మన దేశమున హద్దు విధించినది.

అయినచో వీనివలన మేలే లేదా? కలదు. 2020లో కరోనా కారణముగా ప్రయాణములు నిలిచిపోయినప్పుడు, దూరదేశమందున్న బిడ్డల ముఖములను తల్లిదండ్రులు సెల్‌ఫోనులో చూచి ఊరట చెందిరి. ఆ ఊరట నిజమైనదే. ఏలయన వారి నడుమ ప్రేమ ముందే కలదు.

సూర్యాపేట చెంత దురాజ్‌పల్లిలో రెండేండ్లకొకసారి లింగమంతులస్వామి జాతర జరుగును. దాని దృశ్యములు ఫోనులో కనబడుచునే యుండును. అయినను లక్షలాది జనులు పెద్దగట్టు ఎక్కుదురు. చూచుట వేరు, కలియుట వేరు.

విద్యార్థులారా! మిర్యాలగూడలో మిత్రుడు జబ్బుపడినచో, కోదాడనుండి ‘త్వరగా కోలుకొనుము’ అని వ్రాయుట మంచిదే. సెలవునాడు బస్సెక్కి పోయి, వాని మంచము చెంత గడియసేపు కూర్చుండుడు. అప్పుడే మీరు వ్రాసిన మాట సార్థకమగును.