ఏటి కాపరి

గాలము వేసి చేపలు పట్టుట పెక్కుమందికి వినోదము. కాని చేపను పట్టగోరువాడు ముందుగా దాని బ్రదుకును, ఆ బ్రదుకునకు ఆధారమైన ఏటిని తెలిసికొనవలెను. ఈ సంగతిని చక్కగా గ్రహించి, ఒక చిన్న నది సేవలోనే జీవితమును గడపినవాడు ఫ్రాంక్ సాయర్.

ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున విల్ట్‌షైర్ అను మండలము గలదు. అచ్చట సుద్దనేలలు విస్తారము. వాననీరు ఆ నేలలో ఇంకి, లోలోపల వడగట్టబడి, ఊటలై పైకి వచ్చును. అట్టి ఊటనీటితో ప్రవహించునది ఏవన్ నది. ఆ నీరు స్ఫటికమువలె తేటగా నుండును. వేసవియందు మిక్కిలి వేడెక్కదు, శీతకాలమున మిక్కిలి చల్లబడదు. ట్రౌట్ అను చేపకు ఇట్టి నీరు ప్రీతికరము. మన దేశమున కాశ్మీరపు సెలయేళ్లలోను, నీలగిరులలోను కనబడు ఈ జాతి చేపలు విదేశములనుండి తెచ్చి పెంచినవాని సంతతియే.

సాయర్ 1906వ సంవత్సరమున ఈ నదీతీరమందలి బల్ఫర్డ్ గ్రామమున జన్మించెను. 1928లో, దాపుననే యున్న నెదరేవన్ గ్రామమున, సైనికాధికారుల మత్స్యవేట సంఘమువారు అతనిని ఏటి కాపరిగా నియమించిరి. సుమారు ఆరు మైళ్ల ఏరు అతని పాలనలోనికి వచ్చెను. కాపరి యనగా దొంగలను తరుము కావలివాడు మాత్రమే కాడు. ప్రవాహమునకు అడ్డుపడు నీటిమొక్కలను కోయవలెను, గట్లను చక్కబరుపవలెను, చేపపిల్లలను పెంచవలెను. సాయర్ ఈ పనులన్నియు చేయుచు, నీటిలోనికి ఓపికతో చూచుట అలవరచుకొనెను.

ఆ చూపునకు ఒక వింతలోకము గోచరించెను. ఏటి అడుగున కొన్నిజాతుల ఈగల డింభకములు నివసించును. అవి ఎదిగిన పిదప నీటిపైకి ఈది వచ్చి, రెక్కలు పొంది ఎగిరిపోవును. రెక్కలు వచ్చిన పిమ్మట వాని ఆయువు మిక్కిలి స్వల్పము. ట్రౌట్ చేపలకు ఈ పురుగులు ముఖ్యాహారము. ఆ కాలమున పలువురు వేటగాండ్రు నీటిపై తేలు ఈగను పోలిన ఎరను మాత్రమే వాడుట మర్యాదయని తలంచుచుండిరి. చేపలు అధికముగా నీటి లోపలనే మేయుచున్నవని సాయర్ కనిపెట్టెను. డింభకము ఈదునప్పుడు కాళ్లను దేహమునకు అంటించుకొనునని కూడ అతడు గమనించెను.

అందుచే అతడు కాళ్లు లేని కృత్రిమపు ఎర నొకదానిని రూపొందించెను. దానికి కావలసిన సామగ్రి రెండే వస్తువులు: ఫెజంట్ అను పక్షి తోక యీకెలనుండి తీసిన పోగులు, సన్నని రాగితీగ. దారమునకు బదులు రాగితీగ చుట్టుటవలన ఎర బరువెక్కి నీట మునుగును. చేప సమీపించిన వేళ గాలపుకర్రను మెల్లగా పైకెత్తినచో, పురుగు ప్రాణముతో ఈదుచున్నట్లే తోచును. నేడు ఈ ఎర ప్రపంచమున అనేక దేశములలో వాడుకలో నున్నది.

సాయర్ నేర్చినదానిని దాచుకొనలేదు. అలహాబాదు ఉన్నత న్యాయస్థానమున ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి స్వదేశమునకు మరలిన సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్ అతనిని వ్రాయుటకు ప్రోత్సహించెను. ఏటి కాపరి అనుభవములు 1952లోను, నీటి పురుగులను గూర్చిన పరిశీలనలు 1958లోను గ్రంథములుగా వెలువడెను. న్యాయమూర్తి యంతటివాడు ఏటిగట్టున పనిచేయువాని జ్ఞానమును గౌరవించుట మెచ్చదగిన విషయము.

అయితే సాయర్ హృదయమును కలచిన విషయము వేరొకటి గలదు. పూర్వము ఆ ప్రాంతపు రైతులు ఏటినీటిని పచ్చికబయళ్లపై పారించెడివారు. నీటిలోని ఒండ్రు ఆ బయళ్లపై నిలిచి గడ్డికి బలమిచ్చెడిది. కాలక్రమమున ఆ పద్ధతి సన్నగిల్లెను. ఏటి అడుగున బురద పేరుకొన జొచ్చెను. ట్రౌట్ చేప తన గ్రుడ్లను గులకరాళ్ల నడుమ దాచును. బురద కప్పినచో ప్రాణవాయువు అందక గ్రుడ్లు నశించును. ఎంత గొప్ప ఎర యున్నను, చేపయే పుట్టనిచోట ఏమి ప్రయోజనము? అందువలన సాయర్ గాలమును ప్రక్కనుంచి, బురదను తొలగించు పనిలో ఎన్నో ఏండ్లు శ్రమించెను.

అర్ధశతాబ్దమునకు పైగా నదిని కాపాడిన యా కాపరి 1980 ఏప్రిల్ నెలలో, నెదరేవన్ చెంత, ఆ నది యొడ్డుననే కన్నుమూసెను.

అతని పేరు నేటికిని వేటగాండ్ర నోట వినబడుచున్నది. కాని సుద్దనేలల నదులకు కష్టములు తీరలేదు. అధికముగా నీరు తోడుటవలన, మురుగు కలియుటవలన, పొలములనుండి మట్టి కొట్టుకొనివచ్చుటవలన అవి క్షీణించుచున్నవి. సాయర్ కనిపెట్టిన ఎర నేడు అంగళ్లలో కొలది వెలకే లభించును. అతడు కోరిన తేటనీరు మాత్రము ఏ అంగటను దొరకదు. ఒక తరమువారు శుభ్రపరచిన ఏటిని తరువాతి తరమువారు మరల కాపాడుకొనవలసినదే. అతనిని ప్రేమించినవారు నెరవేర్పవలసిన ఋణమిదియే.