ముందు బూట్లు కొను, వేడర్స్ తరవాత

ట్రావర్స్ సిటీ, మిషిగన్
మే నెల

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నదిలో దిగి చేపలు పట్టేవాళ్లు తొడుక్కునే, ఛాతీదాకా వచ్చే పచ్చరంగు పీవీసీ వేడర్స్, కింద బూట్లు దానికే అతికి ఉన్నాయి, ధర 60 డాలర్లు. "ఇది సరిపోతుందా మామయ్యా?" అని అడిగావు. సరిపోదు. అలాగని 600 పోసి పెద్ద కంపెనీ గోర్‌టెక్స్ కొనమనీ చెప్పను. చదువు అప్పు ఇంకా తీరుస్తున్నవాడివి. నా మాట వింటే ఈ వేసవికి వేడర్స్ జోలికే పోకు. బూట్లు కొను.

ఎందుకంటున్నానో విను. గ్రేలింగ్ ఊరి దిగువన ఆసాబుల్ నది ఊట నీళ్లతో పారుతుంది. చాలాచోట్ల అడుగున ఇసుక, గులకరాయి. మోకాలి లోతు, తొడ లోతు నీళ్లే ఎక్కువ. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా అక్కడ తడుస్తూనే దిగవచ్చు. త్వరగా ఆరే నైలాన్ పాంటు, కాళ్లకి నియోప్రీన్ సాక్సు, పైన వేడింగ్ బూట్లు. అంతే. జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే బరువెక్కి ఒళ్లు చల్లబరుస్తుంది. నిక్కరూ వద్దు. గట్టుమీద పాయిజన్ ఐవీ ఉంటుంది, గడ్డిలో పేలలాంటి టిక్ పురుగులుంటాయి. దిగగానే నీళ్లు జిల్లుమంటాయి, కాసేపటికి అలవాటవుతుంది. వణుకు పుడితే మాత్రం పంతానికి పోకుండా బయటికి వచ్చెయ్.

ఇలా ఒక వేసవి తిరిగితే నీకే తెలుస్తుంది, నువ్వు ఒకచోట నిలబడేవాడివా, మైళ్లకొద్దీ నడిచేవాడివా, నడుం లోతుకి దిగే ధైర్యం ఉందా అని. అది తెలియకుండా వేడర్స్ ఎంచుకోవడం కుదరదు. పైగా ఈ బూట్లే రేపు వేడర్స్ మీదికీ పనికొస్తాయి. వేడర్స్ పాదం సాధారణంగా 3, 4 మిల్లీమీటర్ల నియోప్రీన్. నీ సాక్సు కూడా అంతే మందం ఉన్నది కొని, అది తొడుక్కుని బూటు కొలత చూసుకో. మామూలు సైజు కంటే ఒకటి పెద్దది పడుతుంది. వేళ్లు లోపల ఆడాలి. ఇరుకు బూటులో రక్తం ఆడక కాలు గడ్డకడుతుంది, అప్పుడు ఎంత మంచి వేడర్స్ వేసుకున్నా చలి ఆగదు.

బూటు అడుగు విషయంలో నాకు పట్టుదల ఉంది. ఫెల్ట్ అడుగు పాకుడు రాయిమీద బాగా పట్టుకుంటుంది, కాదనను. కానీ మంచులో నడిస్తే దానికింద మంచు ముద్దలు కట్టి మడమ మెలిపెడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, అది తడిని వదలదు. ఆ తడిలో ఒక నది పురుగూ నాచూ ఇంకో నదికి చేరతాయి. 2015లో మన మిషిగన్‌లోని పియర్ మార్కెట్ నదిలో న్యూజిలాండ్ మడ్‌స్నెయిల్ బయటపడింది. బియ్యపు గింజంత నత్త, మగది లేకుండానే ఆడది పిల్లల్ని పెడుతుంది, ఒక్కటి వెళ్తే చాలు. మేరీలాండ్ 2011లో, అలాస్కా 2012లో ఫెల్ట్‌ని నిషేధించాయి. మన నదుల్ని మనం కాపాడుకోవాలి. అందుకని రబ్బరు అడుగు తీసుకుని, దానికి కార్బైడ్ స్టడ్స్ బిగించుకో. ఎవరి పడవైనా ఎక్కేముందు మాత్రం వాళ్లని అడుగు. స్టడ్స్ పడవ అడుగుని గీకేస్తాయి.

ఇక వేడర్స్. నువ్వు చూసిన పీవీసీ రకం నీళ్లని ఆపుతుంది, చెమటనీ లోపలే ఆపుతుంది. అరమైలు నడిచేసరికి లోపల తడిసిపోతావు, ఎక్కడో కారుతోందనుకుంటావు. చలికి బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది కూడా. బూటు అతికి ఉన్న రకంలో ఇంకో చిక్కుంది. బూటు అరిగితే వేడర్స్ పోయినట్టే, వేడర్స్ చిరిగితే బూటు పోయినట్టే. విడివిడిగా ఉంటే ఏది పోతే దాన్నే మార్చుకోవచ్చు. తక్కువ డబ్బున్నవాడికి ఇదే ముఖ్యం. అందుకే పాదం సాక్సులా ఉండే స్టాకింగ్‌ఫుట్ రకం తీసుకోమంటాను.

నియోప్రీన్ వేడర్స్ చవక, మొండిగా మన్నుతాయి, నవంబరులో స్టీల్‌హెడ్ చేపల కోసం ఒకేచోట గంటలు నిలబడేవాడికి వెచ్చగా ఉంటాయి. నువ్వు అలా నిలబడవు. నీకు చెమట ఆవిరిని బయటికి వదిలే బ్రీతబుల్ రకం కావాలి. చలికాలంలో లోపల ఉన్నిదో ఫ్లీసుదో పాంటు వేసుకో, వేసవిలో పలచటిది. ఒక్క జతతో ఏడాదంతా గడుస్తుంది. ఇవి 130, 150 డాలర్లలో దొరుకుతాయి. చలికాలం చివర్లో దుకాణాలు పాత మోడళ్లు వదిలించుకునేటప్పుడు ఇంకా తగ్గుతాయి.

ఆ ధరలో ఏది మన్నుతుందో పేరు చూసి చెప్పలేం. చేత్తో చూడాలి. మోకాలి దగ్గర, కింది కాళ్ల దగ్గర గుడ్డ రెండు వేళ్ల మధ్య నలుపు. పైభాగం కంటే అక్కడ మందంగా ఉండాలి. తిరగేసి లోపల అతుకుల మీద వేసిన టేపు చూడు. ఎక్కడా లేచి ఉండకూడదు, ముడతలు పడకూడదు. రెండు కాళ్లూ కలిసే చోట నాలుగు అతుకులు ఒకే బిందువులో కలిస్తే ఆ జత పక్కన పెట్టు. ముందుగా కారేది అక్కడే. తొడల లోపలివైపు కుట్టు ఉంటే నడిచినప్పుడల్లా రాసుకుంటుంది, కుట్టు ముందుకో వెనక్కో జరిపినవి మేలు. తరవాత లోపల మందపాటి పాంటు వేసుకుని, పైన వేడర్స్ తొడుక్కుని, కుర్చీ మీద ఒక కాలు పెట్టి చూడు. కాళ్ల మధ్య గుడ్డ బిగిసిందంటే అది పొట్టిది, ఒక్క సీజన్‌లో అతుకు విడిపోతుంది. మరీ వదులైతే గుడ్డ గుడ్డకి రాసుకుని అరిగిపోతుంది. సైజు కుదరని ఖరీదైన వేడర్స్ కంటే సైజు కుదిరిన మామూలు వేడర్స్ ఎక్కువ కాలం వస్తాయి. ఇది నాకు బాగా నమ్మకమైన మాట.

కారడం ఎప్పటికైనా తప్పదు. దాన్ని చూసి పారెయ్యకు. చీకటి గదిలో వేడర్స్ లోపల టార్చి వెలిగించి చూస్తే ముల్లు గుచ్చుకున్న చోటు చుక్కలా కనిపిస్తుంది. అలా దొరక్కపోతే తొట్టిలోనో పెరట్లోనో వేలాడదీసి కాలిలోకి నీళ్లు పోసి, బయట చెమ్మ వచ్చినచోట పెన్నుతో గుర్తు పెట్టు. పూర్తిగా ఆరాక ఆక్వాసీల్ జిగురు పలచగా, చిల్లుకి అన్నివైపులా కాస్త ఎక్కువగా రాసి, ఒక రాత్రంతా కదపకుండా వదిలెయ్. ట్యూబు తెరిచాక మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టుకుంటే గట్టిపడదు.

ముళ్లకంటే ఎక్కువ వేడర్స్‌ని చంపేది తడిగా కారు డిక్కీలో వదిలెయ్యడం. టేపు ఊడుతుంది, బూజు పడుతుంది. ఇంటికి రాగానే ముందు బయటవైపు, తరవాత తిరగేసి లోపలివైపు ఆరబెట్టు. పాదం లోపల ఆరడానికి అన్నిటికంటే ఆలస్యమవుతుంది, అక్కడే బద్ధకిస్తారు. బూట్లు బ్రష్‌తో గీకి, వేరే నదికి వెళ్లేముందు కనీసం 5 రోజులు ఎండనియ్యి. అంత వ్యవధి లేకపోతే ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెట్టు. మీ రూమ్మేట్లకి ముందే చెప్పు. బూట్లు వేసుకునేటప్పుడు కంకర మీద సాక్సు పాదాలతో నిలబడకు, కారులో పాత చాప ఒకటి ఉంచుకో.

బెల్టు గురించి అడగలేదు నువ్వు. నేను చెప్పి తీరాలి. వేడర్స్ నిండితే మనిషి రాయిలా మునిగిపోతాడని భయపెడతారు. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ నీళ్లకి బరువు లేదు. ప్రవాహం గుడ్డని పట్టి లాగడం, గట్టెక్కేటప్పుడు ఆ బరువు మీద పడటం, ఒళ్లు చల్లబడటం, ఇవీ అసలు ప్రమాదాలు. నడుముకి బెల్టు బిగిస్తే నీళ్లు లోపలికి వేగంగా రావు. చవక వేడర్స్‌తో వచ్చే బెల్టు బకిల్ చేత్తో లాగితే వదులైపోతుంటే, వేరేది కొను. జారి పడితే నిలబడాలని చూడకు. వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం వెళ్లేవైపు పెట్టి, లోతు తక్కువ నీళ్లు తగిలేదాకా చేతులతో గట్టువైపు తోసుకో. పాతసామాన్ల దుకాణంలో స్కీ కర్ర ఒకటి కొని తాడు కట్టుకుంటే ఊతకర్రగా బాగుంటుంది. ఒంటరిగా ఏ నదికి వెళ్తున్నావో మీ అమ్మకి కాదు, మీ రూమ్మేట్‌కి చెప్పి వెళ్లు. అమ్మ ఇండియాలో ఉండి ఏం చేస్తుంది, కంగారు పడటం తప్ప.

ఈ వారంలో బూట్ల దుకాణానికి వెళ్లు. సాయంత్రం పూట వెళ్లు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, కొలత సరిగ్గా వస్తుంది. తీసుకున్నాక నీ ఛాతీ, నడుం, తొడ కలిసే చోటునుంచి మడమదాకా పొడవు, బూటు సైజు, అన్నీ రాసి పంపు. ఫిబ్రవరిలో ఇక్కడి దుకాణాల్లో ధరలు తగ్గినప్పుడు నేనే చూసి చెప్తాను. చేపలు పట్టే లైసెన్సు తీసుకోవడం మర్చిపోకు.

ఇట్లు,
మామయ్య