అడవి ముందు ఒక్కడు



"ఈ బొమ్మలో ఏముంది?" అని అడిగితే పిల్లలు చకచకా చెప్పేస్తారు: చెట్లు, మంచు, మనిషి. "చూస్తే ఏమనిపిస్తోంది?" అంటే ఆగిపోతారు. సాయంత్రం ఒక అరగంట దొరికితే, మీ బాబుతోనో పాపతోనో కలిసి ఈ చిత్రం చూడండి.

జర్మనీ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రెడరిక్ (1774–1840) 1814 ప్రాంతంలో వేసిన 'అడవిలో సైనికుడు' ఇది. కాన్వాసు ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లే. అందులో ఆకాశాన్నంటే ఫర్ చెట్లు, వాటి ముందు వేలెడంత మనిషి. మనకు వీపు తిప్పి నిలబడ్డాడు. ముఖం కనిపించదు కదా, మరి భయపడుతున్నాడని ఎలా తెలిసింది? పిల్లలను ఇదే అడగండి. జవాబు మీరు అందించొద్దు, కాస్త ఓపిక పట్టండి. చెట్ల ఎత్తు, లోపలి చీకటి, కింద మంచు అని ఒక్కొక్కటే వాళ్లే పట్టుకుంటారు.

తర్వాత, లేనిదాన్ని వెతికించండి. అతను గుర్రపు దళం సైనికుడు. గుర్రమేదీ?

ముందువైపు నరికిన మొద్దు మీద పెద్ద నల్లటి కాకి ఉంది. మన తంగళ్ళపల్లి పిల్లలైతే "చుట్టాలొస్తారు" అనొచ్చు. అది తప్పు కాదు, మన ఇళ్లలో కాకి అరిస్తే అనుకునేది అదే. పిండం ముట్టేదీ కాకే అని నానమ్మ గుర్తుచేస్తే మాట ఇంకో దారి పడుతుంది. ఆనాటి జర్మన్లకు మాత్రం అది చావు కబురు. ఒకే పక్షికి ఊరిని బట్టి అర్థం మారుతుంది. అందుకే "నాకు ఇలా అనిపించింది, ఎందుకంటే..." అని కారణంతో రాయడం నేర్పాలి.

చరిత్ర చివర్లో చెప్పండి, ముందే చెబితే పిల్లలు చూడటం మానేస్తారు. ఆ సైనికుడు ఫ్రెంచివాడు. 1813లో నెపోలియన్ సేన ఫ్రెడరిక్ ఉండే డ్రెస్డెన్‌లో తిష్ఠ వేసింది, ఆ అక్టోబరులోనే లైప్‌జిగ్ వద్ద ఓడిపోయింది. అంటే చిత్రకారుడికి ఇతను శత్రువు. బెర్లిన్‌లో ఈ చిత్రం చూసినవాళ్లు 'మన అడవే వాణ్ణి మింగేస్తుంది' అని సంతోషించి ఉండొచ్చు. కానీ అంత చిన్నగా, అంత ఒంటరిగా నిలబడ్డవాణ్ణి చూస్తే జాలి కూడా కలుగుతుంది. నా మటుకు నాకు జాలే ఎక్కువ.

మీ ఇంట్లో అన్నాచెల్లెళ్లు చెరో మాట అంటే ఇద్దరి జవాబులూ నోట్‌బుక్‌లో రాయించి క్లాసుకు పంపండి.