చక్రములపై నిల్లు: త్రోవలో టైరు చెడినయెడల

వంటపాత్రలు, బియ్యపుమూట, నీళ్లబిందెలు, పరుపుచుట్టలు ఎక్కించుకొని కదలు మోటారుబండిని ఇల్లనక యేమందుము? పాశ్చాత్యదేశములలో మంచములును వంటగదియు నమర్చిన ప్రత్యేకపు బండ్లు గలవు, వానిని మోటారుహోములందురు. మన ప్రాంతమున నట్టివి అరుదు. కాని యాత్రకు బోవు మన వ్యానులు ఇంచుమించుగ నాపని చేయుచునేయున్నవి. ఆ యింటి బరువంతయు మోయునది టైరులోని గాలి. దానినిగూర్చి విద్యార్థులు కొంత తెలిసికొనుట మంచిది.

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవిలో మా బంధువులము పదునలుగురము మార్కాపురమునుండి శ్రీశైలమునకు వ్యానులో బయలుదేరితిమి. మాలో ఎనుబదియేండ్ల అవ్వయు, ఇద్దరు పసిపిల్లలును ఉండిరి. దోర్నాల దాటినది మొదలు సుమారు 50 కిలోమీటర్లు నల్లమల యడవియే. రాత్రివేళ నా మార్గమున అటవీశాఖవారు గేట్లు మూసి బండ్లను పోనీయరు. మేము దోర్నాల విడుచునప్పటికే ప్రొద్దు వాలెను. కొంతదూరము పోవునప్పటికి వెనుకనుండి రబ్బరు కాలిన వాసన వచ్చెను.

డ్రైవరు బండి నాపి ఇనుపకడ్డీతో టైరు లొక్కొక్కటిని తట్టెను. నిండుగాలి గల టైరు ఠంగుమని కడ్డీని వెనుకకు కొట్టును. గాలి తగ్గినది దబ్బుమని యూరకుండును. వెనుక జతలో లోపలిటైరు దబ్బుమనెను. జంటచక్రముల చిక్కే యిది. లోపలిదాని గాలి పోయినను బయటిది బండిని నిలిపియుంచును గనుక చూపరులకు తెలియదు. ఆ బయటి టైరు రెండింటి బరువును ఒంటిగా మోయుచు వేడెక్కి, కొంతసేపటికి తానును పగులును. నాడు వాసన పసిగట్టకపోయినచో మలుపులో నేమి జరిగియుండునో!

గాలి తక్కువైన టైరు ప్రతి తిరుగుడునందును ఎక్కువగా నలుగును. నలుగుటచేత వేడి పుట్టును. వేడి హెచ్చినకొలది రబ్బరును లోని దారములును విడిపోవును. వేసవిలో గాలి యెక్కువై టైరులు ప్రేలునని పలువురు తలంచి, ఎండలో పరుగెత్తి వచ్చిన బండినుండి గాలి వదలుదురు. ఇది తప్పు. లెక్క చూడుడు. ఉదయము 27 డిగ్రీల సెంటిగ్రేడున కారుటైరులో చదరపు అంగుళమునకు 35 పౌనుల గాలి పట్టితిమనుకొందము. వెలుపలి వాతావరణపు పీడనము సుమారు 15 పౌనులు చేర్చిన 50. టైరు 57 డిగ్రీలకు వేడెక్కెను. కెల్విన్ లెక్కలో 300 నుండి 330, అనగా పదవవంతు పెరుగుదల. 50 పౌనులు 55 అగును. 15 తీసివేసిన గేజి 40 చూపును. ఈ పెరుగుదలకు చాలునట్లే టైరును తయారుచేయుదురు. ఆ యైదు పౌనులు వదలినచో, చల్లబడిన పిదప గాలి తక్కువగును. మరునాటి ప్రయాణములో ముప్పు తప్పదు. కావున బండి చల్లగ నున్నప్పుడే గాలి కొలువవలెను.

ఇక స్టెప్నీ సంగతి. ఈ మాట మన డ్రైవర్లందరి నోటను కలదు గాని దాని పుట్టుక తెలిసినవారు కొద్దిమంది. 1904లో వేల్సుదేశమున లనెల్లి పట్టణపు స్టెప్నీవీథిలో నొక దుకాణమువారు అదనపు చక్రమును తయారుచేసి అమ్మసాగిరి. ఆ వీథిపేరే చక్రమునకు నిలిచెను. మా వ్యానులో స్టెప్నీ యుండెను, దానిలో గాలి లేదు! బయలుదేరుటకు ముందు నాలుగు మూలలు తిరిగి చూచినవారము ఐదవదానిని మరచితిమి. ఈ తప్పులో నాకును భాగము కలదు.

క్లీనరు మిగిలిన చక్రముల క్రింద రాళ్లు పెట్టెను. పిల్లలను దింపి రోడ్డున కెడముగ కూర్చుండబెట్టితిమి. జాకీ మన్నులో దిగబడుచుండగా, మాలో నొకరు సామానులోని మార్కాపురపు పలకబండను తెచ్చిరి. డ్రైవరు నవ్వి వద్దనెను. పలకరాయి పొరలుపొరలుగ చీలును. వ్రాతకు మేలైన యా గుణమే జాకీక్రింద ప్రాణాంతకము. మందపు చెక్క వేసెను. బండి నేలపై నుండగనే నట్లను కొంచెము వదులుచేసి, పిదపనే లేపెను. గాలిలో తిరుగు చక్రమునకు పానా పట్టు దొరకదు. బిగించునప్పుడు వరుసగా గాక ఎదురెదురు నట్లను బిగించెను. అట్లు చేయనిచో చక్రము ఒకప్రక్కకు వాలి కూర్చుండును.

ఇంతలో నొక లారీ యాగెను. దాని డ్రైవరు బ్రేకులకై నిలువజేసిన గాలితొట్టినుండి గొట్టముద్వారా మా స్టెప్నీకి గాలి పట్టి, డబ్బు పుచ్చుకొనక వెడలిపోయెను.

అప్పటికి చీకటి పడెను. ముందుకు పోదమని కొందరు, వెనుకకని కొందరు. బయటిటైరు వేడికి ఎంత దెబ్బతినెనో తెలియదు, మరియొక స్టెప్నీ లేదు. "నాయనా, స్వామి రేపును అక్కడనే యుండును, బండి త్రిప్పుము" అని అవ్వ యనెను. మెల్లగ దోర్నాలకు మరలి వచ్చి, తెచ్చుకొన్న బియ్యముతో అక్కడనే వండుకొంటిమి.

తెల్లవారి పంచరుషాపువాడు లోపలిటైరునుండి చిన్న మేకు నొకదానిని తీసెను. అంతటితో నాగక గుడ్డతో టైరు లోపలంతయు తడిమి చూచెను. విరిగిన ముక్క మిగిలినచో కొత్త ట్యూబును మరల గ్రుచ్చునట. తరువాత టైరు ప్రక్కనున్న నాలుగంకెలను మాకు చూపెను. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము: 2314 అనగా 2014వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. మా బయటిటైరు పైకి క్రొత్తదివలె కనబడుచుండినను ఎనిమిదేండ్లనాటిది. ప్రక్కలందు వెండ్రుకవంటి పగుళ్లు గలవు. ఎక్కువకాలము నిలిచియుండు యాత్రాబండ్లలో నిట్లు జరుగును. అరుగకయే రబ్బరు ముసలిదగును.

దానిని మార్పించి, స్టెప్నీలో గాలి కొలిపించి, గేటు దాటితిమి. శ్రీశైలము చేరగనే డ్రైవరు పానా తీసి నట్లన్నిటిని మరల బిగించెను. రెండు నట్లు కొంచెము తిరిగెను.