చిన్నపిల్లలకు మరల మరల వచ్చు పార్శ్వశిరోవేదన

సూరతు నగర పురపాలకోద్యోగులకును, ఆ జిల్లా తాలూకా ఉద్యోగులకును ఉపయోగపడునట్లు వ్రాయబడినది.

1. వ్యాధి యొక్క ప్రాముఖ్యము.— అంటువ్యాధులు ప్రబలినప్పుడు ఉద్యోగులకు వర్తమానము తడవు లేక అందును. 1994 సంవత్సరము సెప్టెంబరు మాసమున సూరతులో ప్లేగు పుట్టినదని తెలియగానే లక్షలకొలది జనులు ఊరు విడిచిపోయిరి. మరుసటి సంవత్సరము మొదలుకొని ఆ నగర పురపాలక సంఘము వీధుల పారిశుద్ధ్యమును చక్కబరచి పేరు గాంచినది. అయితే మరణము కలిగింపని వ్యాధి మరణముల పట్టికలో కానరాదు. అట్టివానిలో పసిబిడ్డల పార్శ్వశిరోవేదన యొకటి. ఇది ప్రాణము తీయదు గాని, బిడ్డను పలుమారులు పడకకు చేర్చి, చదువునకు భంగము కలిగించి, బడి యెగవేయుటకై బొంకుచున్నాడను నింద తెచ్చిపెట్టును.

2. పేరువలన కలుగు పొరబాటు.— ఈ వ్యాధిని తెలుగువారు పార్శ్వపు నొప్పి యనియు, ఒంటికణత నొప్పి యనియు అందురు. ఆయుర్వేదమున దీనికి అర్ధావభేదకమని పేరు. గుజరాతీలు ఆధాశీశీ యందురు. ఈ పేర్లన్నియు తలలో సగభాగమునే సూచించును. పెద్దవారి విషయమున ఇది చాలవరకు సరియే. చిన్నపిల్లలకు మాత్రము నొప్పి తరచుగా నొసటి రెండుప్రక్కలను వచ్చును. పెద్దలకు చికిత్స లేనిచో 4 గంటలు మొదలు 72 గంటలవరకు నుండు బాధ, పిల్లలకు 2 గంటలలోనే తీరవచ్చును. “ఏ ప్రక్క నొప్పి?” యని యడిగి, “తలంతయు” నని బిడ్డ చెప్పినంతనే ఇది పార్శ్వపు నొప్పి కాదని త్రోసివేయుట తగదు.

3. గురుతులు.— నాలుగైదేండ్ల బిడ్డ తన బాధను మాటలలో చెప్పలేడు. నడవడిని చూచి తెలిసికొనవలెను. ఆడుచున్న బిడ్డ ఆట మానును. ముఖము పాలిపోవును. వెలుతురు సహింపక చీకటి మూలకు పోవును; చప్పుడునకు చెవులు మూసికొనును. అన్నము వలదనును, వాంతి చేసికొనును, పిదప నిద్రించును. మేల్కొనిన తరువాత ఏమియు జరుగనట్లు మరల ఆడుకొనును. ఈ కడపటి గురుతును చూచియే పెద్దలు బిడ్డను శంకింతురు. నిజమునకు నిద్రతో నొప్పి తీరుట ఈ వ్యాధి లక్షణములలో నొకటి. కొందరు పిల్లలకు తలనొప్పికి మారుగా కడుపునొప్పియే విడతలు విడతలుగా వచ్చుచుండును. తల్లిదండ్రులలో నొకరికి ఇదే బాధ యుండుట సామాన్యము. యౌవనమునకు పూర్వము ఇది మగపిల్లలకును ఆడపిల్లలకును ఇంచుమించు సమముగానే వచ్చును. ఆ పిమ్మట ఆడపిల్లలలో హెచ్చు.

4. ఎందరికి వచ్చును.— స్వీడను దేశమందలి ఉప్సాలా పట్టణమున బిల్లే యను వైద్యుడు సుమారు 9,000 మంది బడిపిల్లలను పరిశీలించి 1962లో ఫలితములను ప్రకటించెను. ఏడేండ్ల పిల్లలలో నూటికి 1.4 మందికి ఈ వ్యాధి కలదని తేలెను. పదునైదేండ్లవారిలో ఈ పాలు అంతకు మూడురెట్లు మించెను. ఈ పాళ్లనే మన బడులకు వర్తింపజేసినచో, 500 మంది ఏడేండ్ల పిల్లలలో ఏడుగురు ఈ బాధ గలవారుందురు.

5. సూరతున గమనింపదగిన పరిస్థితులు.— లింబాయతు, ఉధనా మొదలగు భాగములలో తెలంగాణమునుండి వచ్చిన నేతపనివారి కుటుంబములు పెక్కు గలవు. పురపాలక సంఘము తెలుగు మాధ్యమమున సైతము ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. మరమగ్గములు రేయింబవళ్లు నడచు వీధులలో చప్పుడువలన పిల్లల నిద్ర చెడును. ఉదయమున ఏమియు తినక బడికి వచ్చుట, చాలినంత నీరు త్రాగకుండుట, ఎండలో తిరుగుట, గురువులవలని భయము—ఇవి నొప్పిని రేపు కారణములు. ఇంటిలో తెలుగును, వైద్యశాలలో గుజరాతీని వినవలసిన తల్లి, “తలపోటు, కడుపులో వికారము” అను మాటలను వైద్యునకు తెలుపలేకపోవచ్చును. కావున నొప్పి వచ్చిన తేది, గంట, వాంతి యయినదా, ఎంతసేపు నిద్రించెను, ముందు ఏమి తినెను అను ఐదు సంగతులను చిన్న పుస్తకమున వ్రాసియుంచుట మిక్కిలి యుపకారము. అది ఏ భాషవాడైన వైద్యునకును పనికివచ్చును.

6. చికిత్స.— నొప్పి మొదలైనంతనే బిడ్డను చీకటిగా, సద్దులేక యుండు చోట పరుండబెట్టి నీరు త్రాగింపవలెను. మందు ఆలస్యమైనకొలది గుణము తగ్గును. వైద్యుని సలహాననుసరించి, బిడ్డ బరువు కిలో ఒకటికి పారాసిటమాలు 15 మిల్లీగ్రాములు, లేక ఐబుప్రొఫెను 10 మిల్లీగ్రాములు ఒక మోతాదుగా నీయవచ్చును. 16 కిలోల బిడ్డకు మొదటిది 240, రెండవది 160 మిల్లీగ్రాములగును. డెంగీ జ్వరము అనుమానమున్నచో ఐబుప్రొఫెను ఈయరాదు. ఆస్పిరిను పిల్లలకు ఎంతమాత్రము ఈయరాదు. దానివలన మెదడును కాలేయమును చెడగొట్టు ఘోరవ్యాధి కలుగవచ్చును. నొప్పి మందులను వారమునకు రెండు మూడు దినములకు మించి వాడినచో మందే తలనొప్పికి కారణమగును. దిష్టి తీయుటవలన హాని లేదు. దానితో ప్రొద్దుపుచ్చి మందును జాగుచేయుటయు, మిరపకాయల పొగను బిడ్డకు పట్టించుటయు హానికరములు.

నిత్యము మ్రింగవలసిన నివారణౌషధములకై తొందరపడరాదు. 8 మొదలు 17 ఏండ్లవరకు గల పిల్లలపై అమెరికాలో జరిగి 2017లో ప్రకటింపబడిన పరీక్షలో, అట్టి రెండు ఔషధములును మందులేని ఉత్తమాత్రకంటె మిన్న కాలేదు. ఉత్తమాత్ర తీసికొనినవారిలోనే నూటికి 61 మందికి నొప్పిదినములు సగమునకో అంతకు మించియో తగ్గెను. వేళకు తిండి, వేళకు నిద్ర, బిడ్డకు ధైర్యము చెప్పుట—ఇవియే మొదట చేయవలసినవి.

7. తక్షణము వైద్యశాలకు పంపవలసినవి.— తలనొప్పి బిడ్డను నిద్రనుండి లేపుట, ప్రతి ఉదయము వాంతితో వచ్చుట, దినదినము హెచ్చుట, నడక తడబడుట, మెల్లకన్ను క్రొత్తగా కలుగుట, మూర్ఛ, జ్వరముతో మెడ బిగియుట, తలకు దెబ్బ తగిలిన పిదప వచ్చుట, మూడేండ్లలోపు బిడ్డకు మరల మరల వచ్చుట. ఇట్టి సందర్భములలో పార్శ్వపు నొప్పి యని యూరకుండరాదు.

8. ఉద్యోగుల విధులు.— (అ) ప్రతి పాఠశాలయందును నీడగల గదిలో ఒక చాప, త్రాగునీరు సిద్ధముగా నుంచవలెను. (ఆ) గుజరాతు రాష్ట్రమున 1984లో ఆరంభింపబడిన మధ్యాహ్నభోజనమును వేళ తప్పనీయరాదు. (ఇ) తలనొప్పి యని చెప్పిన బిడ్డను దండింపరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరకదండనను, మానసికహింసను నిషేధించుచున్నది. (ఈ) 2013లో ఆరంభింపబడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందము బడికి వచ్చినప్పుడు, పైన చెప్పిన పుస్తకమును ప్రధానోపాధ్యాయుడు వారికి చూపవలెను. (ఉ) ఓల్పాడు, మాండవి మొదలగు తాలూకాలలో అంగన్వాడీ పనిమనుషులకు 7వ పేరాను చదివి వినిపింపవలెను.

9. ఉప్సాలా పిల్లలలో తీవ్రముగా బాధపడిన 73 మందిని బిల్లే నలువది యేండ్లు కనిపెట్టి చూచెను. నడివయస్సున సైతము వారిలో సగముకంటె ఎక్కువమందికి ఆ నొప్పి వచ్చుచునే యుండెను. కాబట్టి నేడు బిడ్డకు నేర్పు తిండినిద్రల క్రమము, నొప్పి తెలియగానే పెద్దలతో చెప్పు అలవాటు జీవితాంతము పనికివచ్చును. చెప్పినప్పుడెల్ల తిట్లు తినిన బిడ్డ చెప్పుట మానివేయును. ఆ మీదట 7వ పేరాలోని అపాయకర చిహ్నములు కలిగినను మనకు తెలియకపోవును. ఈ సంగతిని ఉపాధ్యాయులకు ముఖ్యముగా బోధింపవలెను.